తప్పొప్పుల పట్టిక

“తేదీ చదువమ్మా. పైకి చదువు.”

కూతురు ఫోను బల్ల మీద పెట్టి, తెర మీది అక్షరాలను వేళ్ళతో పెద్దవి చేసి, తల్లి వైపు తిప్పింది. ఆస్పత్రి మందుల కౌంటర్లో రాత్రి డ్యూటీ చేసి ఇప్పుడే వచ్చింది. గుమ్మం పక్కనే బట్టలు బకెట్లో పడేసి తలారా నీళ్ళు పోసుకుంది. జుట్టు ఇంకా నీళ్ళోడుతోంది. మాస్కు తాళ్ళు కోసిన గీతలు చెవుల వెనక ఎర్రగా ఉన్నాయి.

తల్లి కళ్ళద్దాల కోసం బల్లంతా తడిమింది. అద్దాలు ముక్కు మీదే ఉన్నాయి.

“నేను చదవనా? పేజీ కింద ‘పరిశీలించినవారు’ అని ఉంది. దాని కింద నాన్న పేరు. పక్కన తేదీ, ఈ నెల రెండు.” కూతురి గొంతు పెరగలేదు. పెరిగినా బాగుండేది. “నాన్న పోయింది పోయిన నెల నాలుగున.”

వంటగదిలో పాలు పొంగి పొయ్యి మీద పడ్డాయి. ఆ చప్పుడు ఇద్దరికీ వినిపించింది. ఇద్దరూ కదల్లేదు.

“నీకెక్కడిది ఈ పేజీ?” అంది తల్లి చివరికి.

“నిన్న సాయంత్రం డ్యూటీ ఎక్కగానే కౌంటరుకి ఒకావిడ వచ్చింది. టైలరట. ఐదేళ్ళ పిల్లను చంకనేసుకొచ్చింది. పిల్లకి మోచేతుల దాకా నీటిపొక్కులు. కనురెప్పలు వాచి కళ్ళు మూసుకుపోయాయి. ఏం తగిలిందమ్మా అని అడిగితే ఫోన్లో ఇది చూపించింది. ఈ ఆకు రసం రాస్తే దోమలు కుట్టవని మా సారు పుస్తకంలో ఉంది, వారం నుంచీ రాస్తున్నానని చెప్పింది. మా సారు, మా సారు అంటోంది. నేనెవరో ఆవిడకి తెలీదు.”

“నువ్వేమన్నావు?”

“ఏమంటాను? పూతమందు రోజుకి రెండుసార్లు రాయమన్నాను. నీళ్ళతో బాగా కడగమన్నాను. ఆవిడ వెళ్ళాక లోపలికెళ్ళి అట్టపెట్టెల మధ్య కూర్చున్నాను.”

“పిల్లకి తగ్గుతుందా?”

“తగ్గుతుంది. పది రోజులు పడుతుంది.” కూతురు కుర్చీ లాక్కుని ఎదురుగా కూర్చుంది. “ఎన్నాళ్ళుగా చేస్తున్నావమ్మా ఈ పని?”

ఈ ఇంట్లో పోట్లాట అంటే ఎప్పుడూ ముగ్గురిది. తల్లీ కూతుళ్ళ మాటలు ముదరగానే ఇంటాయన మాస్టారు మధ్యలో దూరి, అక్కర్లేని మాటేదో ఒకటి అని, ఇద్దరి చేతా చీవాట్లు తినేవారు. దాంతో గొడవ చల్లారేది. ఇప్పుడు మిగిలింది ఇద్దరే. ఎక్కడ ఆపాలో ఇద్దరికీ తెలియడం లేదు.

“నువ్వు స్టడీ సెంటరుకి ఉత్తరం రాశానన్నావు. నాన్న సంగతి చెప్పానన్నావు.”

“రాయలేదు.”

“ఎందుకు రాయలేదు?”

“రాద్దామనే కూర్చున్నాను. కోఆర్డినేటరు నంబరు కోసం ఆస్పత్రి వాళ్ళిచ్చిన కవరు చింపి ఆయన ఫోను తీశాను. తీసీ తీయగానే మెసేజీ వచ్చింది. ‘సార్, నా పేజీ చూశారా’ అని.”

“అయితే?”

“చూస్తున్నాను అని కొట్టాను.”

కూతురు తడి జుట్టు వెనక్కి తోసుకుంది.

“అంతే,” అంది తల్లి. “ఆ తర్వాత ఇంకొకళ్ళు అడిగారు.”

మాస్టారు ఓపెన్ యూనివర్సిటీ స్టడీ సెంటర్లో మొక్కల పాఠం చెప్పేవారు. పగలంతా పనులు చేసుకుని సెలవు రోజున చదువుకునే వాళ్ళు ఆయన విద్యార్థులు. ఆ ఏడాది ఇరవై ఏడు మంది. అంటురోగం వచ్చి సెంటరుకి తాళం పడ్డాక, ప్రయోగశాల లేకుండా ప్రాజెక్టు ఎలాగని వాళ్ళు బెంగపెట్టుకుంటే, ఆయనే ఉపాయం చెప్పారు. ఇంటి గుమ్మం నుంచో, పనిచేసే చోటు నుంచో వంద అడుగుల్లోపల కనిపించే ఒక మొక్కను ఎంచుకోండి. నెల రోజులు చూడండి, బొమ్మ గీయండి, కొలవండి, మీకు తెలిసిన మాటల్లో రాయండి. ఇరవై ఏడు పేజీలూ కలిపి ఇంటర్నెట్లో ఒక పుస్తకం చేద్దాం. ఎవరైనా చదువుకోవచ్చు, అచ్చు వేసుకోవచ్చు, పాఠంగా చెప్పుకోవచ్చు, ఎవరినీ అడగనక్కర్లేదు. దానికి తాళం లేని పుస్తకం అని పేరు పెట్టారాయన.

తొమ్మిది పేజీలు చూశారు. ఆఖరి మూడూ ఆస్పత్రి మంచం మీద చూసినవే. ఒంట్లో బాగాలేదని విద్యార్థులకి ఒక్క మాట రాయలేదు. రాస్తే పేజీలు పంపడం మానేస్తారని ఆయన భయం.

మిగతా పద్దెనిమిదీ ఆమె చూసింది.

ఆమె ముప్పై ఏళ్ళు ఒక ప్రెస్సులో ప్రూఫులు దిద్దింది. ప్రెస్సు మూసేసేదాకా అందరూ ఆమెను కామా అమ్మగారనే పిలిచేవారు. మాస్టారి పాఠాలూ పరీక్ష పేపర్లూ ఆమె కన్ను పడకుండా ఇల్లు దాటి ఎరగవు. ఏ మాటకి ఆయన ఏమంటారో, ఎక్కడ వాక్యం ఆపుతారో, ఎవరిని మీరంటారో ఎవరిని నువ్వంటారో ఆమెకి కొట్టిన పిండి. ప్రతి పేజీకీ ఆయన పుస్తకాలన్నీ నేల మీద పరిచి, భూతద్దం పెట్టి, బొమ్మకి బొమ్మ పోల్చి చూసింది. పదిహేడు పేజీలు సరిగ్గానే పోల్చింది.

“ఈ పేజీ ఎవరిది?” అంది కూతురు.

“వాచ్‌మన్‌ గారిది. చెప్పుల ఫ్యాక్టరీ గేటు దగ్గర ఉంటారు. అందరిలోకీ పెద్దాయన.”

“ఆయన మాచిపత్రి అని రాశాడు, నువ్వు సరే అన్నావు. ఇది వయ్యారిభామ అమ్మా. రోడ్డు పక్కన మొలిచే కలుపు. ముట్టుకుంటే కొందరికి ఒళ్ళంతా దద్దుర్లొస్తాయి.”

“ఆకు అచ్చం మాచిపత్రిలాగే ఉంది.”

“లేతగా ఉన్నప్పుడు అలాగే ఉంటుంది. నాకు ఆరో క్లాసులో నాన్న పక్కపక్కన పెట్టి చూపించారు. ఆకు తిరగేసి చూడు, మాచిపత్రికి అడుగున తెల్లటి నూగుంటుంది, దీనికుండదు అన్నారు. నువ్వు ఆకు వెనక వైపు ఫోటో అడిగావా?”

అడగలేదు. ఆమెకి ఆ పేజీ మొదటి వాక్యాలు నోటికి వచ్చు. ‘ఈ ఆకు నలిపితే చేతికంటిన వాసన సాయంత్రం దాకా వదలదు. డ్యూటీ దిగి ఇంటికెళ్ళి అన్నం ముందు కూర్చున్నా గేటు నా చేతిలోనే ఉంటుంది.’ అది చదివి ఆమె కలం కింద పెట్టేసింది. ఆ తర్వాత ఆకు సంగతి గుర్తు రాలేదు.

“అడగలేదు,” అంది.

“నాన్న పేరు మీద,” అంది కూతురు. “చెయ్యని తప్పు నాన్న పేరు మీద పెట్టావు. ఆయన లేరు, కాదు అని చెప్పుకోలేరు.”

“నాకు తెలుసు.”

“నీకేం తెలుసమ్మా? ఆరు వారాలైంది. నాన్న పోయారు అన్న మాట నీ నోట నేను ఒక్కసారి కూడా వినలేదు. పక్కింటివాళ్ళు పలకరించినా తలుపు వేసుకున్నావు. నేను నీకు భయపడి గదిలోకెళ్ళి ఏడ్చాను. నువ్వేమో ఇక్కడ కూర్చుని ఆయనలాగా మాట్లాడుతున్నావు.”

“నువ్వైనా ఆ ఆస్పత్రిలోనే ఉన్నావు. చూడగలిగావా ఆయన్ని?”

ఆ మాట అనకూడదని అంటున్నప్పుడే ఆమెకి తెలుసు. ఆయన ఆస్పత్రిలో ఉన్నప్పుడు తల్లి జ్వరంతో వెనక గదిలో పద్నాలుగు రోజులు ఒంటరిగా ఉంది. ఆఖరి చూపు ఇద్దరికీ దక్కలేదు.

కూతురు లేచి నిలబడింది. “రెండంతస్తుల కింద ఉన్నాను. పైకి వెళ్ళనివ్వలేదు. ఆయన మందుల చీటీ నా కౌంటరుకే వచ్చేది. రోజూ నా చేత్తోనే కట్టి పంపాను. ఒకరోజు చీటీ రాలేదు.”

ఇన్నాళ్ళూ ఈ సంగతి తల్లికి చెప్పలేదు.

వంటగదిలోకి వెళ్ళి, పొయ్యి ఆపి, ఒలికిన పాలు తుడవడం మొదలుపెట్టింది కూతురు. తుడిచిన చోటే మళ్ళీ మళ్ళీ తుడుస్తోంది. తల్లి గుమ్మందాకా వచ్చి, లోపలికి రాలేక, చౌకట్టు పట్టుకుని నిలబడింది.

&nbsp;

కోఆర్డినేటరుకి పదకొండింటికి ఫోను చేశారు. ఒకప్పుడు మాస్టారి దగ్గర చదువుకున్నవాడే. స్పీకరు పెట్టి ఫోను ఇద్దరి మధ్యా పెట్టారు.

“అమ్మగారూ, మాస్టారి గొంతు ఎలా ఉందండీ ఇప్పుడు?”

“బాబూ, మీ మాస్టారు,” అని ఆమె ఆగిపోయింది. మళ్ళీ మొదలుపెట్టింది. “మీ మాస్టారు...”

కూతురు ఫోను తన వైపు జరుపుకుని రెండు ముక్కల్లో చెప్పింది. ఎప్పుడు పోయిందీ, ఎక్కడ పోయిందీ.

అవతల కుర్చీ లాగిన చప్పుడు వినిపించింది. తర్వాత అతను అన్నాడు, “మొన్న సోమవారం నాకు మెసేజీ పెట్టారు కదండీ. మార్కుల పట్టిక పంపారు. నన్ను ఒరేయ్ అని కూడా అన్నారు.”

“అది నేను బాబూ.”

“ఒరేయ్ అన్నది?”

“నేనే. ఆయన నిన్ను అలాగే అనేవారు కదా.”

అతను ఏడవడం ఇద్దరికీ వినిపించింది. మగవాళ్ళు ఏడుస్తుంటే ఫోను పెట్టేయాలో ఆగాలో తెలియదు. ఆగారు.

ఆమె అన్నీ వరసగా చెప్పింది. తొమ్మిది పేజీలు ఆయన చూసినవి, పద్దెనిమిది తను చూసినవి. మాచిపత్రి, వయ్యారిభామ. పిల్ల చేతులు. అతను ముక్కు ఎగబీల్చుకుంటూ విన్నాడు. విన్నాక గొంతు మారింది. ఇప్పుడతను ఆఫీసు మనిషి.

“అమ్మగారూ, ఇది బయటికొస్తే ఆ పద్దెనిమిది మందికీ ప్రాజెక్టు లేనట్టే. పోయిన మనిషి వేసిన మార్కులు పరీక్షల విభాగం ఒప్పుకోదు. వాళ్ళకి ఏడాది పోతుంది. వాళ్ళలో ఆ బస్సు కండక్టరుకి ఈ సర్టిఫికెట్ వస్తేగానీ పై ఉద్యోగం రాదు.”

“తెలుసు.”

“పైగా ఇంకో మూడు కాలేజీలు మన పుస్తకం తీసుకున్నాయి. వాళ్ళకీ క్యాంపస్‌లు మూతే కదా. పిల్లలకి పాఠంగా పెట్టారు. ఆ పేజీని ఇప్పుడు మన దగ్గర తీసేసినా వాళ్ళ దగ్గర ఉంటుంది.”

“అందుకే దిద్దుబాటు వెయ్యాలి బాబూ. వెంటనే.”

“వేద్దాం. వేయొద్దనడం లేదు. నేను చెప్పేది ఒక్కటి.” అతను గొంతు తగ్గించాడు. ఆ ఫోను వినే బయటివాళ్ళెవరూ లేరు, అయినా తగ్గించాడు. “మాస్టారు అన్నీ ముందే చూసేశారనీ, కంప్యూటర్లో ఎక్కించడం ఆలస్యమైందనీ అందాం. తేదీలు నేను చూసుకుంటాను. ఈ ఒక్క మొక్కా మాస్టారు పొరపాటు పడ్డారని ఒక లైను వేద్దాం. జ్వరంలో చూశారు కదా, ఎవరూ ఏమీ అనుకోరు. పోయినవాళ్ళని ఎవరు తప్పు పడతారండీ?”

కూతురు తల్లి వైపు చూసింది. ఆమె బల్ల మీది బట్ట మడతని వేలితో సాపు చేస్తోంది.

“ఆయన జ్వరంలో చూసినవి మూడు,” అంది ఆమె. “నూట మూడు జ్వరం. ఆ మూడింట్లోనూ ఆకు వెనక ఫోటో పంపించమని అడిగారు. చేతిలో సూది పెట్టుకుని, ఒంటి వేలితో కొట్టి అడిగారు. ఆ మెసేజీలు నా దగ్గరున్నాయి. ఆకు తిరగేయకుండా ఆయన ఏ మొక్కకీ పేరు చెప్పలేదు బాబూ. ఆ లైను నేను వెయ్యనివ్వను.”

“మరి పద్దెనిమిది మంది?”

 సాయంత్రం ఐదింటికి విద్యార్థులతో వారం వారం జరిగే ఇంటర్నెట్ మీటింగు ఉంది, అందులో తనే చెబుతానంది ఆమె. కోఆర్డినేటరు వద్దనీ అనలేదు, సరేననీ అనలేదు. తనూ వస్తానని మాత్రం అన్నాడు.

మధ్యాహ్నం ఆమె ఒక తెల్ల కాగితం తీసుకుని గీతలు గీసింది. ప్రెస్సులో ఉన్నప్పుడు పుస్తకం చివర అంటించే తప్పొప్పుల పట్టికలు ఎన్ని రాసిందో లెక్కలేదు. ఎడమ పక్క తప్పు, కుడి పక్క ఒప్పు. మొదటి వరసలో మాచిపత్రి, ఎదురుగా వయ్యారిభామ. రెండో వరసలో ‘ఆకు రసం చేతులకు రాయవచ్చు’, ఎదురుగా ‘ముట్టుకోరాదు’. మూడో వరసలో ఎడమ పక్క ఆయన పేరు రాసింది. కుడి పక్క తన పేరు రాయడానికి చెయ్యి రాలేదు. 

కూతురు నిద్రపోలేదు. వచ్చి పక్కన నిలబడి ఆ కాగితం చూసింది.

“వాళ్ళకి ఏడాది పోతే నిన్ను తిట్టుకుంటారు.”

“తిట్టుకోవాలి.”

“నాన్న ఉంటే ఏం చేసేవారు?”

“ఆయన ఉంటే ఈ కాగితమే ఉండేది కాదు,” అంది తల్లి. అప్పుడు రాసింది తన పేరు.

&nbsp;

ఐదింటికి పది నిమిషాల ముందే ల్యాప్‌టాప్ తెర మీద గళ్ళు ఒక్కొక్కటీ వెలిగాయి. ఆరు వారాలుగా ఆమె ఈ మీటింగులో మాస్టారి పేరుతో చేరి, కెమెరా మూసి, గొంతు బాగాలేదని రాసి, అందరికీ టైపు చేస్తూ జవాబిచ్చేది. వాళ్ళు ఆయనకి ఆవిరి పట్టమనీ, వేణ్ణీళ్ళు తాగమనీ, చల్లగాలిలో తిరగొద్దనీ చెప్పేవారు. అలాగే అని రాసేది.

ఇవాళ కెమెరా తెరిచింది.

విద్యార్థుల ఇరవై ఏడు గళ్ళలోనూ మనుషులు ముందుకి వంగారు. బస్సు డిపోలో బెంచీ మీద కండక్టరు. యూనిఫాంలోనే ఉన్న నర్సు. కుట్టుమిషను పక్కన టైలరు, ఒళ్ళో పిల్ల, పిల్ల చేతులకి తెల్లటి గుడ్డ. కిందివరసలో చివరి గడిలో ఫ్యాక్టరీ గేటు గదిలోంచి వాచ్‌మన్, టోపీ తీసి ఒళ్ళో పెట్టుకుని. ఎవరి గడిలోనూ వెలుతురు సరిగ్గా లేదు.

“నమస్కారం అమ్మగారూ,” అన్నాడు కండక్టరు. “సారు లేరా?”

“లేరు,” అంది ఆమె.

“బయటికెళ్ళారా? గొంతు నయమైందన్నమాట.”

“లేరు నాయనా.”

“మరి ఎన్నింటికొస్తారు? మేం ఉంటాంలెండి, తొందరేం లేదు,” అని కండక్టరు మైకు మూశాడు.

లేరు అన్న మాట ఇన్ని రోజులూ ఎంత సాయం చేసిందో ఆమెకి అప్పుడు తెలిసింది. పక్కింటివాళ్ళకీ, పాలవాడికీ, తనకీ. ఆ మాట వెనక నిలబడి ఎంతకాలమైనా గడిపేయొచ్చు. కుర్చీ అంచు పట్టుకుంది.

“మీ సారు పోయారు. పోయిన నెల నాలుగో తేదీ, పొద్దున్న. ఆస్పత్రిలో.”

మైకులు మూసి ఉన్నాయి. ఇరవై ఏడు గళ్ళలో నోళ్ళు కదిలాయి, ఒక్క శబ్దం రాలేదు. నర్సు రెండు చేతులతో ముఖం కప్పుకుంది. కండక్టరు బెంచీ మీంచి లేచి, గడిలోంచి బయటికి వెళ్ళి, మళ్ళీ వచ్చి కూర్చున్నాడు.

ఆగితే మళ్ళీ మొదలుపెట్టలేనని ఆమెకి తెలుసు. అందుకని ఆగకుండా మొత్తం చెప్పింది. ఫోను కవరు చింపిన దగ్గర్నుంచి. తొమ్మిదీ పద్దెనిమిదీ చెప్పింది. మాచిపత్రి పేజీలో తప్పు వచ్చిందనీ, ఆ తప్పు చూడాల్సిన కన్ను తనదనీ చెప్పింది. పట్టిక చదివి వినిపించింది. మూడో వరస కూడా చదివింది. మార్కుల సంగతి ఏమవుతుందో తనకి తెలియదంది.

“అడుగుదామని చూస్తున్నాం,” అన్నాడు కోఆర్డినేటరు తన గడిలోంచి. “మాటివ్వలేను.”

మొదట నర్సు మైకు తెరిచింది. “నాది ఎవరు చూశారమ్మా?”

“నీది ఆయనే చూశారు తల్లీ. ఆఖరు రోజున. నీదే ఆఖరిది.”

నర్సుకి ఏడుపు ఆగలేదు. మార్కులు మిగిలినందుకో, ఆఖరిదైనందుకో తెలియలేదు.

“నాది?” అన్నాడు కండక్టరు.

“నేను.”

“నాదమ్మా?” అన్నారు ఇంకొకరు.

“మీదీ నేనే.”

ఒక్కొక్కరూ అడిగారు. ఆమె కాగితం చూడకుండా చెప్పింది. ఆయన. నేను. నేను. ఆయన. నేను. ఆయన అన్నప్పుడు ఆ గడిలో మనిషి కళ్ళు దించుకునేవాడు. నేను అన్నప్పుడు మిగతావాళ్ళ వైపు చూసేవాడు, అక్కడేదో సాయం దొరుకుతుందన్నట్టు. పనికెళ్ళి వచ్చి, పిల్లల్ని నిద్రపుచ్చి, తెల్లారగట్ల లేచి రాసిన పేజీలు అవి. ఆ సంగతి ఆమెకి తెలుసు. ప్రతి ఒక్కదాన్నీ చదివింది.

టైలరు వంతు వచ్చింది. ఆమె తన పేజీ గురించి అడగలేదు.

“నాకు ఆకుల సంగతి తెలీదండీ. అందుకే సారు మాట పట్టుకున్నాను. సారు చూశారంటే కళ్ళు మూసుకుని చేశాను.” పిల్ల ఒళ్ళో కదిలితే సర్ది కూర్చోబెట్టుకుంది. “మీ మాట అని తెలిస్తే పిల్లకి రాసేదాన్ని కాదు. నాకూ మా సారు పోయారు కదండీ. మీరు నన్ను ఏడవనిస్తే బాగుండేది. ఇప్పుడు ఏడుద్దామన్నా కోపం వస్తోంది.”

“రానీ అమ్మా,” అంది ఆమె. తలుపు దగ్గర నిలబడ్డ కూతురు ముఖం పక్కకి తిప్పుకుంది.

చివరి గడిలో వాచ్‌మన్ చెయ్యెత్తి ఉన్నాడు. ఎంతసేపటి నుంచి ఎత్తాడో ఎవరూ చూడలేదు.

“చెప్పండి,” అన్నాడు కోఆర్డినేటరు.

మైకు తెరవడం ఆయనకి వెంటనే చేతకాలేదు. రెండుసార్లు తెరిచి మూశాడు.

“అమ్మా, మొక్క తప్పు చెప్పింది నేను. ఆ పట్టికలో మీ పేరు ముందు నా పేరుండాలి,” అన్నాడు. “నాకు అప్పటికే జ్వరం వచ్చి తగ్గింది. తగ్గాక ముక్కు పోయింది. ఏ వాసనా తెలీదు, ఇప్పటికీ తెలీదు. ఆ సంగతి చెబితే ప్రాజెక్టు చేయనివ్వరని చెప్పలేదు. చిన్నప్పుడు మా అమ్మ చేతిలో చూసిన ఆకు గుర్తు చేసుకుని ఆ వాసన రాశాను. గేటు దగ్గరున్న ఆకుకి ఉందో లేదో నాకేం తెలుసు.”

టైలరు వైపు చూసి దణ్ణం పెట్టాడు. తెర మీద ఆయన ఎవరి వైపు చూస్తున్నాడో ఎవరికీ తెలియదు. ఆవిడకి మాత్రం తెలిసినట్టే ఉంది, తల వంచుకుంది.

“ఒక్కటి అడుగుతానమ్మా. సారు నాకు విడిగా ఒక మెసేజీ పెట్టారు. ‘ముప్పై ఏళ్ళలో నా చేతికొచ్చిన కాగితాల్లో ఇలాంటి వాక్యం చూడలేదు, మీరు రాయడం ఆపకండి’ అని. తప్పు వచ్చిందంటే అది నాదే, పోనీండి. మార్కులు పోతే పోనీండి. ఆ మాట మాత్రం సారు అన్నదేనా?”

ఆమె తల ఎత్తింది. ల్యాప్‌టాప్ వెనక, తలుపు దగ్గర, కూతురు ఆమెనే చూస్తోంది. పొద్దున్న తేదీ పైకి చదవమన్న కూతురు ఇప్పుడు తల అడ్డంగా ఊపుతోంది. చెప్పొద్దమ్మా. నాన్నదేనని చెప్పు. ఈ ఒక్కటీ.

చెప్పొచ్చు. మెసేజీ తేదీ వాచ్‌మన్‌కి గుర్తుండకపోవచ్చు. మాస్టారికి ఆ వాక్యం చూపిస్తే ఆయనా అదే మాట అనేవారేమో. అనేవారేనేమో. కానీ చూడలేదు.

“నాదండీ,” అంది ఆమె.

ఆయన టోపీని ఒళ్ళోంచి తీసి, దాని అంచు చుట్టూ వేలు తిప్పి, మళ్ళీ పెట్టుకున్నాడు.

“మా ఆవిడకి చదివి వినిపించానమ్మా ఆ మాట,” అన్నాడు. “మా ఇంట్లో నన్ను ఎవరూ అలా...”

మాట సగంలో ఉండగా గడి నల్లబడింది. ఒక క్షణం ఆయన పేరు ఉంది. తర్వాత పేరూ పోయింది. మిగిలిన గళ్ళు దగ్గరికి జరిగి, ఆయన ఉన్న చోటు కూడా మిగల్లేదు.

ముప్పై ఏళ్ళు చదివింది నేనేనండీ, ఆ మాటలో ఒక్క అక్షరం అబద్ధం లేదండీ అని చెప్పడానికి నోరు తెరిచింది ఆమె. వినాల్సిన మనిషి అక్కడ లేడు.

కూతురు వచ్చి పక్కన కూర్చుంది. తెర మీద ఇరవై ఆరు మంది విద్యార్థులూ ఇద్దరినీ చూస్తున్నారు.

“లైను పోయుంటుందమ్మా,” అంది కూతురు మెల్లగా. “గేటు దగ్గర సిగ్నలు ఉండదేమో.”

కోఆర్డినేటరు గొంతు సవరించుకున్నాడు. “అమ్మగారూ, మిగతా పేజీల సంగతి మాట్లాడుకుందామా? ఎవరు మళ్ళీ చూడాలి, ఏమిటి...”

“ఒక్క నిమిషం ఆగండి,” అంది ఆమె, తెర మీంచి కళ్ళు తిప్పకుండా. “ఆయన వస్తారేమో చూద్దాం.”

 అందరూ ఆగారు.